ట్రామక్క నాలుగు నిమిషాలు

తమ ఊరికి ట్రాము ఉందని ఆ ఊరివాళ్లు గొప్పగా చెప్పుకునేవాళ్లు గానీ, ఎంత పొడవని ఎవరైనా అడిగితే మాట మార్చేసేవాళ్లు. మార్కెట్టు నుంచి వంతెన దాకా మూడున్నర కిలోమీటర్లు, తొమ్మిది స్టాపులు. ఇటు చివర తుమ్మితే అటు చివర చిరంజీవ అంటారని పక్క ఊరివాళ్ల వెక్కిరింపు. పట్టా ఒక్కటే, దాని మీద తిరిగే బండీ ఒక్కటే. రెండోది షెడ్డులో టార్పాలిను కప్పుకుని పడుకునేది, మొదటిదానికి జబ్బు చేస్తే లేపడానికి. నలభై నిమిషాలకొకసారి మార్కెట్టు దగ్గర బండి బయల్దేరేది. దానికి పొద్దుటి షిఫ్టు డ్రైవరు ఒక ఆవిడ. ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా అక్కరకొచ్చేది కాదు. పండు ముసలి నుంచి పాలుతాగే పిల్ల తల్లి దాకా అందరికీ ఆవిడ ట్రామక్కే.

ట్రామక్కకు యాభై నాలుగేళ్లు. పొట్టి మనిషి. డ్రైవరు సీటు చేయించినవాళ్లకు ఇంత పొట్టివాళ్లు నడుపుతారని తోచలేదు కాబోలు, ఆవిడ వీపు వెనక రెండు దిండ్లు, కాళ్ల కింద ఒక చెక్కపీట పెట్టుకునేది. వంతెన దగ్గరికి చేరగానే బండి నడిపే ఇత్తడి పిడి ఊడదీసి చంకన పెట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి వెళ్లి, అక్కడ బిగించి, వచ్చిన దారినే మళ్లీ వెనక్కి. ఈలోగా కండక్టరు సీట్ల వీపులన్నీ టకటకా అటు తిప్పేసేవాడు. ఈ కండక్టరుకు ముప్పై రెండేళ్లకే తల ముగ్గుబుట్ట అయిపోయింది కనక ఊరంతా తాతయ్య అనేది. అరవై దాటినవాళ్లు కూడా “తాతయ్యా, ఒక టికెట్టు” అంటుంటే పెళ్లికావలసిన ఆ మనిషి ప్రాణం ఉసూరుమనేది.

ట్రామక్కలో లోపం ఒక్కటే. పరిగెత్తుకొచ్చేవాళ్లను వదిలి వెళ్లలేదు. డ్రైవరు పక్కన అద్దం ఉంటుంది కదా, అందులో ఎవరో ఒకరు సంచి ఊపుకుంటూ, ఊడిపోతున్న చెప్పును ఈడ్చుకుంటూ వస్తూ కనిపించేవారు. ఆ ముఖం చూశాక ఆవిడ చెయ్యి కదిలేది కాదు. పోనీలే, ఒక్క క్షణమేగా అనుకునేది. ఆ ఒక్కరు ఎక్కేలోగా సందు మొదట్లో ఇంకొకరు. అలా ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఎనిమిది గంటల బండి ఎనిమిదీ నాలుగుకి కదలడం మొదలైంది, ఇరవై రెండేళ్లపాటు అలాగే కదిలింది. నాలుగు నిమిషాలు. మూడు కాదు, ఐదు కాదు. ఊరు మాత్రం తక్కువ తిన్నదా? నాలుగు నిమిషాలు ఆలస్యంగానే ఇంట్లోంచి బయటపడడం నేర్చుకుంది. అయితే ఇంక పరిగెత్తేవాళ్లు ఎవరని మీరు అడగొచ్చు. ఎన్ని నిమిషాలిచ్చినా ఆఖరి నిమిషంలో పరిగెత్తేవాళ్లు ఉంటారు, మనుషులన్నాక. సాయంత్రం షిఫ్టు డ్రైవరు ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాడే కాబట్టి అతనికీ అదే రోగం అంటుకుంది.

ఇందులో వింతేమిటంటే ట్రామక్క మొగుడు గడియారాలు బాగుచేసేవాడు. మూడో స్టాపు ఎదురుగా కొట్టు. గోడ నిండా గడియారాలు, అన్నీ ఒక్క క్షణం తేడా లేకుండా గంట కొట్టేవి. “ఊళ్లో టైమంతా నా మాట వింటుంది, నా పెళ్లాం తప్ప” అని ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. చెప్పేటప్పుడు ముఖంలో బాధ కన్నా మురిపెమే ఎక్కువ కనిపించేది.

ట్రామక్కకు పిల్లల్లేరు. పంచప్రాణాలూ చెల్లెలి మీదే. చెల్లెలు వంతెనకు అవతల, గట్టు మీది కాలనీలో ఉండేది. పసితనంలో వచ్చిన జ్వరానికి ఎడమకాలు సన్నబడిపోయి, చేతికర్ర లేకుండా నాలుగడుగులు వేయలేదు. చేతులు మాత్రం బంగారం. లైబ్రరీ పాత పుస్తకాలన్నీ ఆవిడే ఇంట్లో కూర్చుని కుట్టి, జిగురు పెట్టి, అట్టలేసి పంపేది. మరిది, అంటే చెల్లెలి మొగుడు, వాటిని సైకిలు మీద మోసేవాడు. లైబ్రరీ కింది అంతస్తులో బైండింగు చేసే బల్ల ఒకటుంది. నలుగురు కూర్చుంటారు, పనికన్నా కబుర్లు ఎక్కువ. “ఐదో కుర్చీ నీదేనమ్మా, ఎప్పుడొస్తే అప్పుడు” అని అక్కడి పెద్దాయన ఏనాడో మాటిచ్చాడు. రోజూ తనంతట తాను బయల్దేరి వెళ్లి ఆ కుర్చీలో కూర్చోవాలి. చెల్లెలికి ఉన్న కోరిక అంతే. కానీ కాలనీ నుంచి ట్రాము ఎక్కే చోటికి రెండున్నర కిలోమీటర్ల దిగుడు, సాయంత్రం అంతా ఎక్కుడు. మొగుడికి ఫ్యాక్టరీ షిఫ్టులు. ఎవరినైనా బతిమాలుకుని వెళ్లడం ఆవిడకు చచ్చినా గిట్టదు.

అందుకే ట్రామును వంతెన దాటించి, గట్టెక్కించి, కాలనీ దాకా పొడిగిస్తారన్న మాట వినగానే ట్రామక్కకు కాలు నేల మీద నిలవలేదు. మాట కొత్తది కాదు. ఆ ఫైలు పదిహేనేళ్లుగా ఒక బీరువాలోంచి ఇంకో బీరువాలోకి మారుతోంది. ఈసారి మాత్రం పైనుంచి ఒక ఆఫీసరు వచ్చి మూడు రోజులు ట్రాములో కూర్చుని, ఎక్కేవాళ్లను లెక్కపెడతాడట. పోనూ రానూ ఒక చుట్టుకి సగటున అరవై మంది ఎక్కితే ఫైలు ముందుకి. లేకపోతే ఇక ఎప్పటికీ బీరువాకే.

“అరవై ఎందుక్కారు? మన బండిలో డెబ్బైకి తక్కువెప్పుడు?” అన్నాడు తాతయ్య.

“జనం సంగతి కాదయ్యా నా బెంగ. ఆయన చేతికి వాచీ ఉంటుందిగా. రోజూ నాలుగు నిమిషాలు ఆలస్యంగా పోయే బండిని ఎవరు పొడిగిస్తారు చెప్పు? ఈ మూడు రోజులూ టైమంటే టైమే” అంది ట్రామక్క. ఆ సాయంత్రం మొగుడి ముందు మణికట్టు చాపి, “నా వాచీ సరిచేసిపెట్టు” అంది. ఇరవై రెండేళ్లలో ఆ మాట వినడం అదే మొదటిసారి. ఆయన ఆనందం పట్టలేక దానికి కొత్త పట్టీ కూడా వేసిచ్చాడు.

మర్నాడు పొద్దున్నే లెక్కలాయన వచ్చాడు. బక్కపల్చటి మనిషి, చేతిలో నొక్కితే అంకె మారే చిన్న మిషను. ఆయన వెనక తలుపు దగ్గర కూర్చున్నాడు. సరిగ్గా ఆరింటికి ట్రామక్క బండి కదిలించింది. కదిలించే ముందు ఒక పని చేసింది. పరిగెత్తేవాళ్లు కనబడితే తన చెయ్యి తన మాట వినదని తెలుసు కాబట్టి, పక్కనున్న అద్దాన్ని బండి గోడవైపు తిప్పేసింది. వెనక ఎవరో “అక్కా! అక్కోయ్!” అని కేకేశారు. పళ్లు బిగబట్టి కాలితో గంట గట్టిగా కొట్టింది, ఆ కేకలు తనకు వినబడకుండా.

రెండో స్టాపులో ఒక్కరు ఎక్కారు. మూడో స్టాపులో ఎవరూ లేరు. బడి దగ్గర రోజూ తోసుకుంటూ ఎక్కే పంతులమ్మల జట్టు అయిపూ అజా లేదు. ఎనిమిది గంటల బండి, ఊపిరాడని బండి, సీట్లు బోసిపోయి వెళ్లింది. మిషను చప్పుడు వినబడదేమని ట్రామక్క చెవులు రిక్కించుకుని నడిపింది. పది గంటలకి ఆవిడకు ఊరి మీద కోపం వచ్చింది. పన్నెండుకి ఏడుపొచ్చింది. ఇన్నేళ్లు కడుపులో పెట్టుకుని మోశానే, నా చెల్లెలి పని పడ్డ ఒక్క రోజూ మొహం చాటేస్తారా అనుకుంది. షిఫ్టు దిగేటప్పుడు లెక్కలాయన మిషను చూసుకుని, కాగితం మీద ఏదో గీసి, “చుట్టుకి పంతొమ్మిది” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, జాలీ లేదు. అది ఇంకా బాధ.

కాళ్లీడ్చుకుంటూ మొగుడి కొట్టుకి వెళ్లేసరికి అక్కడ ఇసకేస్తే రాలనంత జనం. అందరి చేతుల్లోనూ వాచీలు. మిల్లు గుమాస్తా, పంతులమ్మలు, కూరగాయలావిడ, అందరూ ఒకేసారి అరుస్తున్నారు.

“పొద్దున్నుంచి నలభై వాచీలు చూశానే. ఒక్కదానికీ జబ్బు లేదు” అన్నాడు మొగుడు తల పట్టుకుని.

“జబ్బు లేకపోతే బండెలా వెళ్లిపోయింది? నేను రోజూ వచ్చే టైముకే వచ్చాను. ఇంకో నలభై నిమిషాలు నిలబడలేక అందరం నడిచేపోయాం” అంది కూరగాయలావిడ. అంతలో ట్రామక్కను చూసి చేతులు తిప్పింది. “ఇదిగో, వచ్చింది మహాతల్లి! ముందే ఎందుకు వెళ్లిపోయావమ్మా?”

“ముందెక్కడ వెళ్లాను? టైముకే వెళ్లాను!”

“అదే కదా నేనంటున్నది!”

ట్రామక్క గోడకున్న గడియారాలను చూసింది, జనాన్ని చూసింది. విషయం అప్పుడు తలకెక్కింది. ఊరు తనకు ద్రోహం చేయలేదు. రోజూ వచ్చినట్టే నాలుగు నిమిషాలు ఆలస్యంగా, ఒక్కరు తప్పకుండా వచ్చింది. ఊరిని వదిలేసి పోయింది తనే. పైగా అద్దం కూడా తిప్పేసుకుంది.

ఆవిడ ఇంటికి పోకుండా వంతెన దాటి, గట్టెక్కి, చెల్లెలింటికి వెళ్లింది. చెల్లెలు కిటికీ పక్కన కూర్చుని ఒక లావు పుస్తకానికి వెన్ను కుడుతోంది. సంగతంతా విని, సూది పక్కన పెట్టి, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది.

“నవ్వుతావేమే! నీ ట్రామును నా చేతుల్తో నేనే పాడుచేశాను. రేపటి నుంచి రోజూలాగా ఆలస్యంగా నడిపేస్తే జనం ఎక్కుతారు, కానీ ఆయన వాచీ చూసుకోడా? పోనీ రేపు అందరూ టైముకి రండర్రా అని చాటింపేస్తే?”

“ఇరవై రెండేళ్లు పాడుచేసినవాళ్లను ఒక్క పూటలో బాగుచేస్తావా? ఉన్నదున్నట్టు ఆయనతో చెప్పెయ్. లెక్కల మనిషికి కావలసింది సరైన లెక్కేగా.”

“మెమో ఇస్తారే.”

“మెమో కాగితమేగా, తెచ్చివ్వు. మంచి అట్టేసి బైండు చేసిస్తా.” అని, చెల్లెలు నవ్వు ఆపి వేలు చూపించింది. “ఒక్క మాట. నా కాలి ఊసెత్తావంటే మాత్రం ఊరుకోను. నామీద జాలిపడి ఎవరూ పట్టాలు వేయక్కర్లేదు.”

మర్నాడు ఆరింటికి ట్రామక్క బండెక్కలేదు. లెక్కలాయన ఎదురుగా నిలబడి, నీళ్లు నమలకుండా మొత్తం చెప్పేసింది. ఆయన మిషను దించి ఆవిడ వంక చూశాడు.

“ఇరవై రెండేళ్లు. రోజూనా?”

“ఆదివారం సెలవండి.”

తాతయ్య నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. ఆవిడ మాత్రం చేతులు కట్టుకుని, “శిక్షేదైనా ఉంటే నాకు వేయండి. ఊరికి తప్పుడు లెక్క రాయకండి. నిన్న ఎక్కనివాళ్లంతా వచ్చారు. నేనే వదిలేశాను” అంది. అప్పటికి ఆరూ మూడైంది. లెక్కలాయన తల తిప్పి చూశాడు. మూడు సందుల్లోంచి జనం, నిన్నటి కోపం ఇంకా చల్లారని జనం, తొందరపడకుండా నింపాదిగా నడిచివస్తున్నారు. తొలి బండికే ఇరవై ఏడుగురు. ఆయన నిలబడిన చోటే వాళ్లను ఒక్కొక్కరినీ మిషను మీద నొక్కుకున్నాడు. నొక్కి, “నిన్నటి లెక్క చెల్లదు. ఈరోజు నుంచి మూడు రోజులు. మీరెప్పుడూ నడిపినట్టే నడపండి” అన్నాడు.

మూడు రోజుల సగటు డెబ్బై ఆరు. ఆఖరి రోజు ఆయన ట్రామక్కను పక్కకు పిలిచి, ఒక కాగితం మీద గీత గీసి చూపించాడు. పొడిగించాక రెండు బండ్లు తిరుగుతాయి. పట్టా మాత్రం ఒక్కటే. ఒకదానికొకటి దారిచ్చుకోవడానికి మధ్యలో, నూలుమిల్లు దగ్గర, ఒక్కచోటే పట్టా రెండుగా చీలుతుంది. ఒక బండి నాలుగు నిమిషాలు ఆలస్యమైతే రెండోది అక్కడే కాళ్లు చాపుకుని కూర్చోవాలి. ఆ ఆలస్యం దీనికి, దీని ఆలస్యం దానికి, సాయంత్రానికి గంట వెనకబడతాయి. “మీ ఊళ్లో జనం లేరని ఎవరూ అనలేరు. బండి టైముకి నడవదని అంటారు. మీరు సంతకం చేస్తే నేను రాస్తాను” అని ఇంకో కాగితం ముందు పెట్టాడు. ఇకమీదట ఎవరికోసమూ బండి ఆపను. ఒకటే వాక్యం. ట్రామక్క దాన్ని రెండుసార్లు చదివింది. తనకు తెలిసిన ఒకే ఒక్క మంచితనాన్ని రాసిమ్మంటున్నట్టు అనిపించింది ఆవిడకు. గట్టు మీది కిటికీని తలుచుకుని సంతకం పెట్టింది.

ఆ తర్వాత ఊరు పడ్డ అవస్థ ఒక పుస్తకమవుతుంది. మొదటి నెల ట్రామక్కను తిట్టనివాళ్లు పాపాత్ములు. కూరగాయలావిడ ఆరు వారాలు మాట్లాడలేదు. ట్రామక్క అన్నీ పడింది. అద్దం తిప్పుకోలేదు. పరిగెత్తే ప్రతి ముఖాన్నీ చూస్తూనే బండి కదిలించింది, కదిలించిన ప్రతిసారీ ఆ పూట అన్నం సయించలేదు. ఆర్నెల్లకు ఊరు దారికొచ్చింది. మూడేళ్లకు వంతెన దాటి, గట్టెక్కి, కాలనీ మైదానం పక్కన పట్టా ఆగింది. షెడ్డులో పడుకున్న రెండో బండిని లేపి రంగేశారు.

చెల్లెలి మొదటి రోజు ఒక సోమవారం. ముందురోజే ట్రామక్క వెళ్లి వందసార్లు చెప్పింది, ఎనిమిదీ ఇరవై అయిదు, నా బండే, ముందే వచ్చి కూర్చో అని. “ఏం, నేను టైము చూడలేనా?” అని చెల్లెలు కసిరింది. మరిది తోడొస్తానంటే అతన్నీ కసిరింది.

ఎనిమిదీ ఇరవైమూడు. ట్రామక్క పిడి పట్టుకుని ఈ కొసకు వచ్చి కూర్చుంది. సీట్లు నిండాయి. చెల్లెలు లేదు. ఇరవైనాలుగు. సందు చివర కొత్త చీర, భుజాన సంచి, చేతికర్ర. అక్కడినుంచి స్టాపుకి నలభై అడుగులుంటుంది. మామూలు మనిషికి అరనిమిషం. చెల్లెలికి మూడు నిమిషాలు, తొందరపడితే పడిపోతుంది. ఆవిడ తొందరపడుతోంది.

ఇరవై అయిదు. తాతయ్య గంట తాడు పట్టుకుని లాగలేదు. అందరికీ ఆ మనిషెవరో తెలుసు, అందరూ ట్రామక్క వీపు వంకే చూస్తున్నారు. మూడు నిమిషాలేగా. ఈ ఒక్కసారికి ఎవరు కాదంటారు? అటు కింద నూలుమిల్లు వైపు రెండో బండి, నిండా జనంతో, అప్పటికే బయల్దేరి ఉంటుంది.

“తాతయ్యా, గంట” అంది ట్రామక్క.

బండి కదిలింది. చెల్లెలు సందు మధ్యలో ఆగిపోయి, కర్ర మీద ఆనుకుని, నోరు తెరుచుకుని చూసింది. వెనక సీట్లోంచి ఒక ముసలావిడ, “సొంత చెల్లెల్ని కూడానా! ఇదేం గుండె తల్లీ” అంది. ఎవరూ ఆవిణ్ణి వారించలేదు. వంతెన దాటేదాకా ట్రామక్క కళ్లు తుడుచుకోలేదు, రెండు చేతులూ పని మీద ఉన్నాయి మరి. మూడేళ్లు, ఒక సంతకం, ఊరందరి తిట్లు, ఇదంతా ఎవరికోసం? ఇక అది ఇంటి మెట్టు దిగదు, అభిమానం గల మనిషి, ఇవాళ ఇంట్లోకి పోయి తలుపేసుకుంటే మళ్లీ తియ్యదు అనుకుంది. మార్కెట్టు దగ్గర తాతయ్య తెచ్చిన టీ చల్లారిపోయింది.

తొమ్మిదీ అయిదుకి వెనక్కి బయల్దేరి, తొమ్మిదీ ఇరవయ్యొకటికి నూలుమిల్లు దగ్గర చీలిన పట్టా మీద ఆగింది. గట్టు మీది నుంచి దిగిన రెండో బండి వచ్చి పక్కనే నిలబడింది. రెండు కిటికీల మధ్య దూరం చెయ్యి చాపితే అందేంత. ఎదురు కిటికీలో చెల్లెలు.

“అక్కా! నాకు బండి తప్పిపోయింది, తెలుసా!”

ఆ ముఖం వెలిగిపోతోంది.

“యాభై ఏళ్లొచ్చాయి నాకు. ఇన్నాళ్లూ నన్ను వదిలేసి వెళ్లిన బండి ఒక్కటంటే ఒక్కటి లేదు. ఊళ్లకెళ్తే బస్సులాపేవాళ్లు, బడిలో గంట ఆపేవాళ్లు, అందరూ ఆగి నా కాలు చూసేవాళ్లు. ఈరోజు ఎవడూ ఆగలేదు. అందరిలాగే నిలబడ్డాను. అందరిలాగే నిన్ను నోరారా తిట్టాను. తర్వాతి బండెక్కాను!”

“బాగా తిట్టావా?” అంది ట్రామక్క.

“ఒక్కటీ మిగల్చలేదు.”

రెండు బండ్లకూ గంట పడింది. “రేపు పది నిమిషాలు ముందు కదులు!” అని ట్రామక్క అరిచింది. చెల్లెలు ఆ మాట వినలేదు. పక్క సీటావిడ ఏదో అడిగినట్టుంది, అప్పటికే అటు తిరిగి జవాబు చెబుతోంది.